కొలిచి యిచ్చిన వాహ్యాళి

మహమ్మారులను గూర్చి పూర్వులు చేసిన శాసనములను పరిశీలించినవారికి ఒక విషయము స్పష్టముగా గోచరించును. అవి నిర్బంధమును దినములలో లెక్కించినవే కాని, విడుదలను నిమిషములలో లెక్కించినవి కావు. ఆడ్రియాటిక్ సముద్రతీరమందలి రగూసా నగరము, ప్లేగు సోకిన ప్రదేశములనుండి వచ్చువారు ముప్పది దినములు ఊరివెలుపల వేచియుండవలెనని 1377లో విధించెను; కాలక్రమమున ఆ ముప్పది నలువది కాగా, ఇటాలియను భాషలో నలువదికి గల పేరే ‘క్వారంటైను’ అను పదమునకు మూలమయ్యెను. 1665లో లండను నగరమున ప్లేగు చెలరేగినప్పుడు, రోగి యున్న యింటిని అందలి ఆరోగ్యవంతులతో సహా మూసివైచి, తలుపుమీద ఎఱ్ఱని శిలువ గుర్తు వ్రాసి, రేయింబవళ్లు కావలివారిని నిలిపిరి. లోపలివారికి ఆహారము చేరవలెనన్న యెరుక ఆ యధికారులకు కలదు. నడక కూడ ప్రాణికి అవసరమన్న తలపు మాత్రము వారి ఉత్తరువులలో ఎచ్చటను పొడసూపదు.

మన దేశమున 1896లో ప్లేగు బొంబాయిలో అడుగిడిన పిమ్మట, మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో అంటురోగముల చట్టము వచ్చెను. నాలుగే సెక్షనులు గల ఆ చిన్న శాసనము రైలు ప్రయాణికులను పరీక్షించుటకును, అనుమానితులను వేరుచేసి యుంచుటకును ప్రభుత్వమునకు అధికారము నొసగినది. అందును దేహవ్యాయామమునకు చోటు లేదు.

కావున 2020లో కరోనా వ్యాధి భూమండలమును చుట్టుముట్టినప్పుడు, కొన్ని దేశముల నిబంధనలలో, రొట్టె, మందులు, వైద్యుడు అను నిత్యావసరముల సరసన వ్యాయామమును గూడ చేర్చుట చరిత్రలో సామాన్యమైన మార్పు కాదని నా యభిప్రాయము. ఆ సన్నివేశమును ఫ్రాన్సు దేశమునందు చూచినంత తేటగా మరియొకచోట చూడజాలము. మార్చి 17వ తేదీ మధ్యాహ్నము పండ్రెండు గంటలకు ఆ దేశమంతటను గృహనిర్బంధము అమలులోనికి వచ్చెను. ఇల్లు కదలువాడెవడైనను తాను కదలుటకు గల కారణమును తెలుపు పత్రమొకటి చెంత నుంచుకొనవలెను. లేనిచో 135 యూరోల జరిమానా. ఆ పత్రమును ఇచ్చువాడు అధికారి కాడు. పౌరుడు తన పేరును, పుట్టినదినమును, చిరునామాను తానే వ్రాసి, కారణములలో ఒకదానిని తానే గుర్తించి, అది సత్యమని తన గౌరవమును సాక్షిగా నుంచి తానే సంతకము చేయవలెను. అచ్చుయంత్రము లేనివారు తెల్లకాగితముపై చేతివ్రాతతో నకలు తీసికొనిరి. తన యనుమతిని తానే వ్రాసికొని, దానికి తానే కట్టుబడుట యనునది, శిలువ గుర్తు గల తలుపు ముందర నిలిచిన కావలివానినుండి మనుష్యుడు ఎంత దూరము వచ్చెనో చూపుచున్నది.

ఆరంభమున ఇంటి చేరువలో స్వల్పకాలము, ఒంటరిగా వ్యాయామము చేయవచ్చునని మాత్రమే నిబంధన చెప్పినది. ‘చేరువ’ యనగా ఎంత, ‘స్వల్పము’ అనగా ఎంత యని సందేహము పుట్టగా, వారము తిరుగునంతలో కొలత వచ్చెను: దినమునకు ఒక గంట, ఇంటినుండి ఒక కిలోమీటరు. పత్రముమీద బయలుదేరిన వేళ కూడ వ్రాయవలసి వచ్చెను. ఇంటిని కేంద్రముగా గొని ఒక కిలోమీటరు వ్యాసార్ధముతో గీసిన వృత్తము మూడు చదరపు కిలోమీటర్లకు కొంచెము మించును; పారిస్ నగర విస్తీర్ణము నూటయైదు. పటముపై ఆ వృత్తమును గీచుకొని చూచి, ఏ వీథి లోపల నున్నది, ఏది వెలుపల నున్నది యని జనులు లెక్కవేసికొనిరి. ఉద్యానవనములకు తాళములు పడెను. ఏప్రిల్ 8వ తేదీనుండి పారిస్‌లో పగలు పది మొదలు సాయంత్రము ఏడు వరకు పరుగు నిషిద్ధమయ్యెను. ఇందు నేనొకటి చెప్పక తప్పదు. బయటిగాలిలో రోగకణములు చెదరిపోవుననియు, మూసిన గదికంటె విశాలమైన తోటలో అపాయము మిక్కిలి తక్కువయనియు పిమ్మట శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ దృష్టితో చూచినచో గంటను, దూరమును కొలుచుట సబబే గాని, తోటలను మూయుట పొరపాటు. ఇరుకైన కాలిబాటలపైకి జనమును నెట్టుటకే అది తోడ్పడినది. మరల అక్టోబరు 30న రెండవ నిర్బంధము వచ్చినప్పుడు తోటలు తెరిచియే యుండెను; నవంబరు 28నుండి గంట మూడు గంటలుగను, కిలోమీటరు ఇరువదిగను పెరిగెను.

ఇంగ్లండులో దినమున కొక్కసారి వ్యాయామమునకై వెలుపలికి పోవచ్చుననిరి. అచ్చట నూరేండ్లు నిండవచ్చిన పూర్వసైనికుడు టామ్ మూర్, చేతి ఆనికతో తన తోటలోని ఇరువదియైదు మీటర్ల బాటపై నూరు చుట్లు తిరుగ సంకల్పించి, వైద్యసంస్థలకు మూడు కోట్ల పౌండ్లకు పైగా విరాళము సమకూర్చెను.

స్పెయిను మాత్రము మిక్కిలి కఠినముగా నుండెను. కుక్కను నడిపించుట అచ్చట అనుమతింపబడినది. పిల్లవానిని నడిపించుట అనుమతింపబడలేదు. మార్చి 14నుండి ఏప్రిల్ 26 వరకు, ఆరు వారములు, ఆ దేశపు బాలబాలికలు వీథి మొగము చూడలేదు. తుదకు వారికి ఇచ్చినదియు ఒక గంట, ఒక కిలోమీటరే. దీనిని తలచినప్పుడెల్ల నాకు మనస్సు కలతపడును.

మన దేశమున మార్చి 25నుండి ఇరువదియొక్క దినముల నిర్బంధము మొదలయ్యెను. బియ్యము, పాలు, కూరగాయలు, మందులు, బ్యాంకులు మినహాయింపులలో నుండెను; నడక లేదు. మేడ గలవారు మేడమీద, వసారా గలవారు వసారాలో, ఆ గోడనుండి ఈ గోడకు అడుగులు లెక్కించుచు తిరిగిరి. ఒకే గదిలో పదిమంది గల కుటుంబములకు ఆ పాటి వసతియు లేకపోయెను. మరి ఆ దినములలో ఈ దేశమున నిజముగా నడచినవారు, పని పోయి, కూలి పోయి, నెత్తిన మూటతోను చంకన బిడ్డతోను హైదరాబాదునుండి నాగపురపు బాటపట్టి ఉత్తరదేశమునకు సాగిన వలసకూలీలు. వాహ్యాళిని గూర్చి వ్రాయుచు వారిని విడిచిపెట్టుట నాకు సాధ్యము కాదు. ఏలయన ఏ నిబంధనయు వారి నడకను ఊహించియుండలేదు. మే 1వ తేదీ తెల్లవారుజామున, వారికొరకై ఏర్పరచిన మొదటి శ్రామిక రైలు, ఇంచుమించు పండ్రెండువందల మందితో, తెలంగాణములోని లింగంపల్లి స్టేషనునుండి ఝార్ఖండులోని హటియాకు బయలుదేరెను. ఆ మరునాడు ఉదయము ఆరుగంటలకు, ఏడు వారముల పిమ్మట, స్పెయినులోని పెద్దలు వ్యాయామమునకై తలుపు తెరచికొని వీథిలోనికి వచ్చిరి.