అతిథిసత్కారము – వంటయింటి పొగ

ఇంటిలో నొక గదిని ప్రయాణికులకు రాత్రికి అద్దెకిచ్చి, ప్రొద్దుట ఫలహారము పెట్టి పంపు పద్ధతి యిప్పుడు మన పట్టణములలోను, కొండప్రదేశములలోను వ్యాపించుచున్నది. అట్టి గదిలో ఉతికిన దుప్పటి, తువ్వాలు, సబ్బు, మంచముచెంత త్రాగునీరు, చదువుకొనుటకు దీపము అమర్చబడి యుండును. దీనిని చూచి కొందఱు, ఇది పాశ్చాత్యులు మనకు నేర్పిన మర్యాద యనుచున్నారు. మఱికొందఱు, అతిథిని దేవునిగా కొలిచిన దేశమునకు ఒకరు నేర్పవలసిన దేమున్నదని కోపించుచున్నారు. మేము ఈ రెండు మాటలను అంగీకరింపజాలము. మన పూర్వుల ఆతిథ్యమున నేర్చుకొనదగినది ఎంతయో కలదు; విడువదగినదియు కలదు. రెండింటికిని చరిత్రమే సాక్షి.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండరాళ్లపై అశోకచక్రవర్తి చెక్కించిన ధర్మశాసనములు నేటికిని నిలిచియున్నవి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునాటి ఆ వ్రాతలలో, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని ఆ రాజు చెప్పుకొనెను. బాటసారి మొట్టమొదట కోరునవి నీరును నీడయును. అడుగకమునుపే ఆ కోరిక నెఱిగి తీర్చుటయే ఆతిథ్యమునకు మొదటి సూత్రము. మన పల్లెలలో వీధివైపు కట్టిన అరుగులకును ఇదియే మూలము. ఇంటివారు నిద్రించుచున్నను, అరుగు తలుపులేని అతిథిగృహమై దారినపోవువానికి చోటిచ్చెడిది.

క్రీ. శ. 1261వ సంవత్సరపు మల్కాపుర శాసనము ఈ సూత్రమును ఇంకను పెంచినది. కాకతీయ గణపతిదేవుని గురువగు విశ్వేశ్వరశంభువు, ఆ రాజును, ఆయన కుమార్తె రుద్రమదేవియు ఇచ్చిన గ్రామముల ఆదాయముతో కృష్ణాతీరమున మందడమువద్ద మఠమును, విద్యాస్థానమును, అన్నసత్రమును నెలకొల్పెను. వానితోపాటు ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను గూడ ఏర్పఱచెను. వచ్చినవాడు ఆకలిగొన్నవాడే కాక రోగియు కావచ్చును. వచ్చినది నిండుచూలాలు కావచ్చును. ఆ తలపు వారికి కలిగినది. అంతకంటె గొప్పమాట యింకొకటి కలదు. అగ్రవర్ణులు మొదలు అంత్యజులుగా నెంచబడినవారివఱకు, వచ్చినవారి కెల్ల అన్నము అడ్డులేక పెట్టవలెనని ఆ శాసనము విధించినది. ఏడువందల యేండ్లకు పూర్వము రాతిపై వ్రాసిన ఈ మాటను తరువాతి సత్రములెన్నియో మఱచినవి.

దానధర్మములతోపాటు వెలకు దొరకు ఆతిథ్యమును మనకు క్రొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూటియింటి భోజనము వర్ణింపబడినది. ఒక్క రూకకు కప్పురపు తావి గల అన్నము, గోధుమపిండివంట, పిడికెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు దొరకెడివట! నెయ్యి అప్పుడే కాచినదనియు, పెరుగు క్రొత్తదనియు కవి ప్రత్యేకించి చెప్పినాడు. వెల పుచ్చుకొన్నంతమాత్రమున శ్రద్ధ తగ్గనక్కరలేదని దీనివలన తేలుచున్నది. అయితే ఆ యిల్లు లక్ష్మణవజ్ఝల యిల్లుగా పద్యమున కెక్కినది గాని, లోపల పొయ్యియొద్ద కూర్చున్న వారెవరో మనకు తెలియదు.

పొయ్యివైపు చూచిన కవి యొకడు కలడు. 1509 మొదలు 1529 వఱకు విజయనగరము నేలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుని ఆతిథ్యమును ఋతువువారిగ వర్ణించెను. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని మజ్జిగ, చెఱకురసము, లేతకొబ్బరినీళ్లు, ఒంటికి చందనపు పూత. శీతకాలమున పొగలెగయు అన్నము, మిరియపు పొడి చల్లిన వేడికూరలు, ముక్కు కెక్కు ఆవపచ్చళ్లు, చేయి చురుక్కుమను నెయ్యి. వానకాలమున ఒలిచిన పప్పు, పొగిచిన కూరలు, వడియములు, వరుగులు. అందఱి కొకేవిధముగ వడ్డించుట కాదు. వచ్చినవాని శరీరము ఆ దినమున ఏమి కోరునో దానిని తలచి వడ్డించుట. పైగా ఇంత పెట్టియు, కూరలు చాలలేదు, అన్నము వేడిగా లేదు, మన్నించి భుజింపుడని ఆ యిల్లు నడిరేయియందును అతిథులను వేడుకొనెడిదట!

ఈ వర్ణనలో మాకు మిక్కిలి ప్రియమైనది వానకాలపు పద్యములోని చిన్న సంగతి. జడివానలో కట్టెలు తడిసి పొగచూరును. ఆ పొగ భార్య కన్నులలో చొరకుండ కొబ్బరిచిప్పలతో పొయ్యి మండించి వండించెనని రాయలు చెప్పినాడు. అతిథి భోజనమును వర్ణించినవారు అనేకులు. వండిన యిల్లాలి కన్నులను తలచినవారు అరుదు. వానలో అర్ధరాత్రి వచ్చినవానికి వేడియన్నము పెట్టుట పుణ్యమే. దానికై ఒక స్త్రీ కన్నీరు కార్చవలసివచ్చినచో ఆ పుణ్యములో వెలితి కలదని రాజైన కవి యెఱుగును. గృహస్థులైన మన మెఱుగవలదా?

బాటసారి కేమి కావలయునో బాటసారియే చెప్పిన గ్రంథమును మనకు కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని చెన్నపట్టణము విడిచి, కాశి కేగి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరలివచ్చిరి. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. మజిలీమజిలీకి నీటివసతి యెట్టిది, దిగుటకు చోటున్నదా, అంగళ్లున్నవా, వస్తువులు దొరకునా అని వారు వ్రాసికొనుచు వచ్చిరి. డేరాలు, పరిచారకులు వెంటగల పెద్దమనుష్యునికే ఇంత విచారము తప్పనప్పుడు, మూటతో కాలినడకను పోవు బీదవాని మాట వేఱుగ చెప్పవలెనా!

ఇక లోపముల సంగతి. నిన్నమొన్నటి కాలమున సత్రములు పెక్కింట కులము చెప్పినగాని గది దొరకెడిది కాదు. కొన్ని కులములవారికి గడపయే దొరకెడిది కాదు. బావినీరును దొరకెడిది కాదు. మల్కాపురపు రాయి నిలిచియే యున్నది, దాని మాటయే చెల్లలేదు. 1950 జనవరి 26వ తేదీని అమలునకు వచ్చిన భారతరాజ్యాంగము, భోజనశాలలలోను, వసతిగృహములలోను, బావులయొద్దను కులమతభేదములచే ఎవరిని అడ్డగింపరాదని పదునేనవ అధికరణమున శాసించినది. ఆతిథ్యమునకు పుట్టినిల్లని చెప్పుకొను దేశమున ఆతిథ్యమునకై చట్టము చేయవలసివచ్చుట మనము తలవంచుకొని చదువవలసిన సంగతి.

రెండవ లోపము వంటయింటిది. పూటకూళ్లు పెట్టి జీవించుట దిక్కులేని వితంతువులకు మిగిలిన కొలదిదారులలో నొకటి. ఆమె చేతియన్నము తిన్నవారే ఆమెను చులకనగా మాటలాడెడివారు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో అందఱకును ఆమె పూటకూళ్లమ్మయే. వేఱు పేరు లేదు. దీనికి భిన్నముగ, గోదావరి లంకలగన్నవరమున జీవించిన డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళయనక, కులమనక వచ్చినవారికి వండిపెట్టి పేరుగాంచిరి. ఆమె పేరు గన్నవరపు అక్విడక్టుకును, 2024లో ఆంధ్రప్రదేశమున పాఠశాలల మధ్యాహ్నభోజన పథకమునకును పెట్టబడినది. సంతోషమే. కాని ఒక్క సీతమ్మగారికి నమస్కరించి, పేరులేని వేలకొలది పూటకూళ్లమ్మలను మఱచుట న్యాయము కాదు.

కావున అతిథిగది నమర్చు గృహస్థులకు మా మనవి యిది. దుప్పటి ఉతికించుడు, చెంబుతో నీరుంచుడు, దీపము పెట్టుడు. వచ్చినవాడు అడుగకమునుపే వాని అవసరమును తలపుడు. అంతటితో తృప్తి చెందకుడు. ఆ గది తలుపు ఎవరికి తెఱచుకొనునో, ఎవరికి మూసికొనునో మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. పిదప ఒక్కమారు వంటయింటిలోనికి పోయి చూడుడు. అతిథిగదికి రెండు కిటికీలుండి వంటగది కొక్కటియు లేని యిండ్లను మేము పెక్కు చూచితిమి. వేకువనే లేచి ఫలహారము చేయునది యెవరు? ఆమె తిన్నదా? ఆమెకు తోడు పడినవా రెవరు? వచ్చిన వెలలో ఆమెకు భాగమున్నదా? ఈ ప్రశ్నలకు మంచి సమాధానము చెప్పగలిగిన యింటిలోనే అతిథి సుఖముగ నిద్రింపగలడు. విష్ణుచిత్తుని కొబ్బరిచిప్పలు మనకు నేర్పిన మర్యాద యిదియే.