పాత కార్ల సస్పెన్షన్, షాక్ అబ్జార్బర్ల ఎంపిక

పాత కార్ల సస్పెన్షన్ అనగా ఉత్పత్తి నిలిచిపోయిన కార్లలో చక్రాలను బండి శరీరముతో కలిపే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, ఆర్మ్‌లు, బుష్షుల సముదాయము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో పాత కారు అనగానే గుర్తుకు వచ్చేవి హిందూస్తాన్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. అంబాసిడర్ ఉత్పత్తి 1950ల చివర మొదలై 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారములో ఆగిపోయినది. ఫియట్ 1100 ఆధారముగా ముంబైలో తయారైన పద్మిని అంతకు చాలా ముందే ఆగినది. వీటికి ఏ భాగము మార్చాలి, ఏది కొనాలి అన్నది యజమానికి ఖర్చుతోను, ప్రయాణీకుల ప్రాణభద్రతతోను ముడిపడిన విషయము.

నిర్మాణము

అంబాసిడర్‌కు మూలము బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు. దీని ముందు చక్రాలు దేనికవి విడిగా కదులుతాయి. బరువును మోసేది టార్షన్ బార్ అనే ఉక్కు కడ్డీ. ఈ కడ్డీ ఒక కొస బండికి బిగించబడి, రెండవ కొస చక్రపు ఆర్మ్‌కు కలిసి ఉంటుంది. చక్రము పైకి లేచినప్పుడు కడ్డీ మెలితిరిగి, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. వెనుక ఒకే ఇరుసు, దాని కింద కమాన్ పట్టీలు ఉంటాయి. పద్మినికి వెనుక కమాన్ పట్టీలే ఉన్నా, ముందు చుట్ట స్ప్రింగులు ఉంటాయి.

1960లలో అమెరికాలో పేరు పొందిన మజిల్ కార్లలో డాడ్జ్ చార్జర్, ప్లిమత్ రోడ్ రన్నర్‌లకు కూడా ముందు టార్షన్ బార్, వెనుక కమాన్ పట్టీలే. పెద్ద ఇంజను గల ఆ కార్లలో ఇంజను బలానికి ఇరుసు మెలిపడటము ప్రధాన సమస్య. మన అంబాసిడర్‌కు ఆ బెడద లేదు. దానిని కుంగదీసేది బరువు: అయిదుగురి బండిలో ఎనిమిది మంది, డిక్కీలో బియ్యపు బస్తా, కొన్నింటిలో గ్యాస్ సిలిండరు కూడా.

స్ప్రింగు పని, షాక్ అబ్జార్బర్ పని

బండి బరువును మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఊగిసలాటను ఆపేది షాక్ అబ్జార్బర్. దీనిలోని పిస్టన్ నూనెను చిన్న రంధ్రాల గుండా నెట్టినప్పుడు ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. ఈ తేడా తెలియక, వెనుక భాగము కుంగిన బండికి గట్టి షాక్ అబ్జార్బర్లు కొనడము తరచుగా జరిగే పొరపాటు. వాటితో బండి లేవదు సరికదా, కుదుపు పెరిగి, అవి బిగించిన బ్రాకెట్లు పగులుతాయి. కుంగిన బండికి కావలసినది కమాన్ పట్టీలకు తిరిగి వంపు పట్టించడము, లేదా విరిగిన పట్టీని మార్చడము.

షాక్ అబ్జార్బర్ పాడైతే చక్రము రోడ్డును వదిలి ఎగురుతుంది. గాలిలో ఉన్న టైరుకు బ్రేకు పనిచేయదు. గతుకుల మలుపులో బండి పక్కకు జారడానికి కూడా ఇదే కారణము.

రోడ్లు, వాతావరణము

సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నవి. పూర్వము 9వ నంబరుగా పిలిచిన ఈ రహదారి 2010 పునర్వ్యవస్థీకరణలో 65వ నంబరైనది. నాలుగు వరుసల ఈ దారిలో వేగము ఎక్కువ కనుక బండి తేలకుండా నిలకడగా ఉండటము ముఖ్యము. మిర్యాలగూడ వైపు సంగతి వేరు. రైసు మిల్లులకు, సిమెంటు కర్మాగారాలకు తిరిగే లారీల వలన రోడ్లపై గాళ్ళు పడతాయి. సాగర్ ఎడమ కాలువ కింది పల్లెదారులలో గుంతలు, స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ. అక్కడ మెత్తని స్ప్రింగు, మంచి స్థితిలో ఉన్న షాక్ అబ్జార్బరే మేలు. వేసవిలో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వేడికి నూనె పలుచబడి, ఎడతెగని గతుకులలో నురగ కట్టి, షాక్ అబ్జార్బర్ పట్టు తగ్గుతుంది. తక్కువ పీడనములో నైట్రోజన్ నింపిన రకములో ఈ నురగ తక్కువ. ఎక్కువ దూరాలు తిరిగే బండికి దాని అదనపు ధర గిట్టుబాటవుతుంది. వారానికి ఒకసారి ఊరిలో తిరిగే బండికి మామూలు నూనె రకము చాలు.

ఎంపిక

కొనడానికి ముందు బండిని సమతలముపై నిలిపి, ప్రతి చక్రపు కేంద్రము నుండి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలవాలి. కుడి ఎడమల మధ్య తేడా కనబడితే ముందుగా స్ప్రింగును, బుష్షులను చూడాలి. తరువాత ఒక్కొక్క మూలను బలముగా నొక్కి వదలాలి. బండి ఒకసారి లేచి నిలిచిపోతే షాక్ అబ్జార్బర్ బాగున్నట్లే. రెండు మూడు సార్లు ఊగినా, గొట్టముపై నూనె కారిన మరకలున్నా, టైరు అక్కడక్కడ గుంటలుగా అరిగినా మార్చవలసినదే. ఒకే ఇరుసుపై రెండింటినీ కలిపి మార్చాలి.

కొత్తది చూడటానికి పాతదానివలె ఉంటే చాలదు. పూర్తిగా ముడిచినప్పటి పొడవు, పూర్తిగా చాచినప్పటి పొడవు, కంటి బుష్షు కొలత మూడూ సరిపోవాలి. మరీ పొడవైనది గుంతలో అడుగుకు కొట్టుకొని పగులుతుంది. పొట్టిది చక్రము కిందికి దిగినప్పుడు ఊడివస్తుంది. బండి తన బరువుపై నిలిచినప్పుడు పిస్టన్ కడ్డీ ఇంచుమించు మధ్యలో ఉండాలి. రబ్బరు బుష్షులను బండి నేలపై నిలిచి ఉండగానే చివరిగా బిగించాలి. జాకీపై వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

వాడిన టార్షన్ బార్లను కుడి నుండి ఎడమకు మార్చి బిగించరాదు. ఒక వైపు మెలికకు అలవాటు పడిన ఉక్కు రెండవ వైపు మెలికకు విరిగే ప్రమాదము కలదు. పాత ఇనుప దుకాణములో దొరికిన బార్ ఏ వైపుదో తెలియనప్పుడు దానిని వదిలివేయడమే మంచిది.

మోరిస్ మైనర్ వంటి ఇంకా పాత కార్లలో గొట్టపు రకానికి బదులు లీవరు రకము షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. వీటిలో నూనె తగ్గితే దానికి నిర్దేశించిన నూనెనే పోయాలి, ఇంజను ఆయిలు పోయరాదు. వీటిని తీసివేసి గొట్టపు రకము పెట్టేవారు ఉన్నారు. అయితే ఆ దెబ్బలను తట్టుకొనేలా తయారుకాని రేకుకు బ్రాకెట్ వెల్డింగు చేస్తే అది చిరిగిపోతుంది.

మార్పులకు చట్టపరమైన హద్దు కూడా ఉన్నది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరాలు దాటిన వాహనము వింటేజ్‌గా నమోదు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు లేకుండా అసలు రూపములో ఉండాలి. కనుక అటువంటి నమోదు కోరేవారు ఛాసిస్‌ను కోసి కొత్త ఇరుసు అమర్చే పనికి పూనుకొనరాదు. అరిగిన షాక్ అబ్జార్బరు, బుష్షు, కమాన్ పట్టీలను అదే కొలతవాటితో మార్చడము మామూలు మరమ్మతు.