వెబ్‌సైటు కొత్త రూపు: బ్రౌజరు ఎంపిక, తెలుగు చదువరి

ఒక వెబ్‌సైటు తన పుటల అమరికను, అక్షరాలను, లోపలి నిర్మాణాన్ని మార్చుకోవడమే పునర్నిర్మాణం. బయటికి కనిపించేది రంగుల మార్పే అయినా, ఆ పుటలను ఎవరు చదవగలరు, ఏ బ్రౌజరులో చదవగలరు అన్నది కూడా దానితోనే నిర్ణయమవుతుంది. తెలుగు అచ్చుపత్రిక సులభంగా దొరకని సరిహద్దు గ్రామాలకు ఈ విషయం మరింత ముఖ్యం.

ఒకే బ్రౌజరు కాలం

తొలినాటి తెలుగు సైట్లు చాలావరకు సొంత ఖతులను వాడాయి. కంప్యూటరు దృష్టిలో ఆ పుటల్లో ఉన్నవి ఆంగ్ల అక్షరాలు, గుర్తులే. వాటి చోట తెలుగు రూపాలను గీసి చూపడం ఖతి పని. ఖతి లేని కంప్యూటరులో పుటంతా అర్థంలేని ఆంగ్ల అక్షరాల గుంపుగా కనిపించేది. ఈ ఇబ్బంది తీర్చడానికి పుటతోపాటే దిగివచ్చే ‘డైనమిక్ ఖతులు’ వచ్చాయి. 1997లో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 వీటికి ఒక పద్ధతిని, నెట్‌స్కేప్ 4 వేరొక పద్ధతిని అనుసరించాయి. నెట్‌స్కేప్ వెనుకబడిన తరువాత అనేక సైట్లు ఎక్స్‌ప్లోరర్ పద్ధతికే పరిమితమయ్యాయి. 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 1.0ను ఎంచుకున్నవారికి ఆ సైట్లు చదవరాకపోయాయి. ‘పద్మ’ అనే పొడిగింపు అట్టి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపి ఆ లోటును కొంత పూడ్చింది.

యూనికోడ్ తెచ్చిన మార్పు

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అనే యూనికోడ్ ఖతి చేరింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌నే వాడింది. వార్తాపత్రికల సైట్లు ఆ తరువాత ఒక్కొక్కటిగా మారాయి. అలా మారిన పుట ఏ బ్రౌజరులోనైనా తెరుచుకుంటుంది. వెతికితే మాట దొరుకుతుంది.

సరిహద్దు కుటుంబాలకు కలిగిన మేలు ఇంకొకటి ఉంది. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో ఒడియానో చదివిన పిల్లలకు తెలుగు లిపి రాకపోవచ్చు. యూనికోడ్ పాఠాన్ని ఫోను చదివి వినిపించగలదు. చూపు లేనివారికీ, చూపు మందగించిన పెద్దలకూ ఇదే ఆధారం. లిపి మార్చడమూ తేలికే. తెలుగు, కన్నడ లిపులకు యూనికోడ్‌లో పక్కపక్కనే 128 స్థానాల చొప్పున కేటాయించారు. తెలుగు ‘క’ సంఖ్యకు 128 కలిపితే కన్నడ ‘క’ వస్తుంది. తమిళ లిపిలో గ, ద, బ వంటి వాటికి వేరు అక్షరాలు లేవు కనుక అక్కడ మార్పిడి అంత సులువు కాదు.

కొత్త రూపంతో వచ్చే చిక్కులు

యూనికోడ్ వచ్చినంత మాత్రాన అన్నీ తీరలేదు. శీర్షికలను, ప్రకటనలను బొమ్మలుగా పెడితే చదివి వినిపించే సాధనానికి అందులో అక్షరమే కనిపించదు. అక్షరాలను పెద్దవి చేసుకునే వీలును కొన్ని పుటలు ఆపివేస్తాయి. లేత బూడిదరంగు అక్షరాలు ఎండలో కనిపించవు. పాత చిరునామాలు చెల్లకపోతే, దాచుకున్న వార్త చేజారినట్లే.

2008 డిసెంబరులో వెలువడిన అంతర్జాతీయ సౌలభ్య ప్రమాణాల రెండవ కూర్పు, మధ్యస్థాయిలో, సాధారణ అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య 4.5:1 నిష్పత్తిలో తేడా ఉండాలనీ, అక్షరాలు 200 శాతం వరకు పెరగగలగాలనీ నిర్దేశించింది. భారత ప్రభుత్వ సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సౌలభ్యాన్ని హక్కుగా గుర్తించింది.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష

పుటలోని ఒక వాక్యంపై వేలు నొక్కి ఉంచి, దానిని నకలు తీసి సందేశంలో అతికించాలి. తెలుగే వస్తే అది నిజమైన పాఠం. ఆంగ్ల గుర్తులు వస్తే పాత ఖతి. ఏదీ ఎంపిక కాకుంటే అది బొమ్మ కావచ్చు. పిమ్మట అదే పుటను రెండవ బ్రౌజరులో తెరిచి, అక్షరాలను పెంచి చూడాలి. లోపం కనిపిస్తే పుట చిరునామా, ఫోను రకం, బ్రౌజరు పేరు రాసి సైటు నిర్వాహకులకు పంపాలి. ఈ మూడు వివరాలు ఉంటే లోపాన్ని వెతికి సరిదిద్దడం వారికి సులభమవుతుంది.