వెనక వరసకి పద్యం వినపడేదెలా?

కిందటి దసరాకి బెజవాడ వెళ్ళినప్పుడు తాతయ్యని ఒక పద్యనాటకానికి తీసుకెళ్ళాను. స్టేజికి రెండు పక్కలా మనిషెత్తు స్పీకర్లు పేర్చారు. మాకు దొరికింది వెనక నుంచి మూడో వరస. రాయబారం సీను సగంలో ఉండగానే తాతయ్య లేచి "పదరా, ఇంటికి పోదాం" అన్నారు. సౌండు ఎక్కువైందా అనడిగితే, "సౌండు కాదురా, ఒక్క ముక్క తెలిసి చావట్లేదు" అన్నారు. ఆయనకి ఆ పద్యాలన్నీ కంఠతా వచ్చు. వచ్చిన పద్యమే అర్థం కాలేదంటే లోపం ఆయన చెవుల్లో కాదు, ఇంకెక్కడో ఉందన్నమాట. ఆ "ఎక్కడో" ఏంటా అని తవ్వితే ఈ టపా తయారైంది.

ముందు మైకుల్లేని రోజులు. గవర్నర్‌పేట దుర్గా కళామందిరం మా తరానికి సినిమా హాలే గానీ, మొదట్లో అక్కడ నాటకాలు ఆడేవారు. నటుడికి గొంతే ఆంప్లిఫయరు. చివరి బెంచీ దాకా రాగం చేరకపోతే వాడు నటుడే కాదు. మరి ఆరుబయట సభల సంగతి? 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. గాంధీగారొచ్చారు, పింగళి వెంకయ్యగారు జెండా ఇచ్చిందీ అప్పుడే. జనం విరగబడ్డారు, కానీ మన సభలకి ఇంకా మైకులు రాలేదు. ముందున్నవాళ్ళు విన్నది వెనకవాళ్ళకి నోటిమాటగా చేరడం తప్ప దారి లేదు.

ఎందుకంటే బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. ముందు వరస 2 మీటర్లలో, వెనక వరస 32 మీటర్లలో ఉంటే తేడా 24 డెసిబెల్స్. ఈ లెక్క గాంధీగారికైనా ఒకటే, గల్లీ నాయకుడికైనా ఒకటే.

ఆ పాటికే అమెరికాలో దీనికి మందు కనిపెట్టారు. ప్రిధమ్, జెన్సెన్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1915 క్రిస్మస్ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో వేలమందికి లౌడ్‌స్పీకర్‌లో ప్రసంగాలు, పాటలు వినిపించారు. మన దగ్గర ఆ పని బొంబాయి మోత్వానీల షికాగో రేడియో చేసింది. 1930ల కాంగ్రెస్ సభల మైకులు వాళ్ళవే. 1940లో ఢిల్లీలో ఆహూజా మొదలైంది. ఊరూరా గుడి మీద, రిక్షా మీద ఎక్కిన గొట్టం స్పీకర్లు చూడని తెలుగువాడు ఉండడు.

గొట్టమే ఎందుకు? మామూలు అట్ట స్పీకరు తనకిచ్చిన పవరులో నూటికి ఒక వంతు మాత్రమే శబ్దంగా మారుస్తుంది. గొట్టం తగిలిస్తే అది సుమారు పదింతలవుతుంది. కరెంటు లేని పల్లెలో బ్యాటరీ మీద చిన్న ఆంప్లిఫయరుతో ఊరంతా వినిపించాలంటే అంతకంటే తెలివైన డిజైన్ లేదు. కాకపోతే గొట్టానికి మంద్రస్థాయి పలకదు. ఉపన్యాసానికి సరిపోతుంది, కచేరీకి చాలదు. 1948 డిసెంబర్ 1న విజయవాడ రేడియో స్టేషన్ మొదలయ్యాక జనానికి గాయకుడు పక్కన కూర్చుని పాడినట్టు వినడం అలవాటైంది. బాలమురళిగారి మంద్రస్థాయి సంగతులు రేడియోలో విన్న చెవి, గొట్టంలో కీచుమనే పాటని ఎలా ఒప్పుకుంటుంది?

అందుకే హాళ్ళలోకి కాలమ్ స్పీకర్లు వచ్చాయి. నాలుగైదు చిన్న స్పీకర్లు నిలువుగా ఒకే పెట్టెలో అన్నమాట. నిలువుగా పేరిస్తే శబ్దం పక్కలకి విచ్చుకుంటుంది గానీ, కప్పుకీ నేలకీ పోయేది తగ్గుతుంది. అంటే పవరు గోడలకి కాకుండా మనుషులకి చేరుతుంది. 1992లో ఫ్రాన్స్‌లో ఎల్-ఎకూస్టిక్స్ వాళ్ళు పెద్ద కచేరీల కోసం వి-డాస్క్ తెచ్చారు. ఈ రోజు పెద్ద షోలలో అరటిగెలలా వేలాడే లైన్ ఎరేల దారి అదే. సూత్రం మాత్రం ఆ పాత కాలమ్‌దే.

మరి తాతయ్యకి పద్యం ఎందుకు తెలియలేదు? నేల మీద పెట్టిన డబ్బాల శబ్దాన్ని ముందు వరసల మనుషులే మింగేశారు. మిగిలింది గోడలకి కొట్టుకుని ఆలస్యంగా వచ్చి అక్షరాన్ని అక్షరం మీద పడేసింది. శబ్దం 34 మీటర్లు నడవడానికి సెకనులో పదో వంతు పడుతుంది. సర్వర్ లేటెన్సీకి గింజుకునే మనం ఈ లేటెన్సీ గురించి ఎప్పుడైనా ఆలోచించామా? సందు పొడుగునా స్తంభానికో గొట్టం కట్టినప్పుడు ప్రతి మాటా రెండుసార్లు వినిపించేదీ ఇందుకే.

అసలు కిటుకు ఇది. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్సే. అదే స్పీకరుని మనిషికి సగం దూరానికి తెస్తే 6. పైగా తలలకంటే ఎత్తులో కట్టి కిందకి వంచితే ముందు వరసకీ వెనక వరసకీ దూరంలో తేడా తగ్గుతుంది. వెనక సగానికి విడిగా రెండు చిన్న స్పీకర్లు పెట్టి, వాటి శబ్దాన్ని లెక్కప్రకారం ఆలస్యం చేస్తే ఇంకా మంచిది.

మర్నాడు ఒక మైక్‌సెట్టు ఆయన్ని ఇదే అడిగాను. ఆయన నవ్వి, "మాకు తెలియదనుకున్నారాండీ? కమిటీవాళ్ళు డబ్బాలు లెక్కపెట్టి డబ్బులిస్తారు. ఎత్తులో కడితే కూలీ ఎక్కువ, డబ్బా ఒకటి తగ్గినట్టు కనిపిస్తుంది" అన్నారు.

ఇక్కడే నాకు బుర్ర తిరిగింది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు కూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. మనమేమో రూలుని తిట్టుకుంటూ మోత పెంచుతున్నాం. మోత వల్ల పక్క వీధి పిల్లాడి నిద్ర పాడైంది, హాల్లో ఉన్న ముసలాయనకి పద్యమూ అందలేదు. ఇద్దరికీ నష్టమే. శబ్దాన్ని వినేవాడి వైపు తిప్పితే ఇద్దరూ బాగుపడతారు.

కాబట్టి ఈసారి మీ అపార్ట్‌మెంటు పండగకో, మీ ఊరి తిరనాళ్ళకో చందా ఇచ్చేటప్పుడు "ఎన్ని వాట్లు?" అని అడక్కండి. "వెనక వరసలో ఎవరైనా కూర్చుని విన్నారా?" అని అడగండి. నేనైతే వచ్చే దసరాకి ముందుగా వెళ్ళి, ఆ మూడో వరసలో కూర్చుని విన్నాకే తాతయ్యని తీసుకొస్తా.