పురుగుల పాఠం: పూర్వ ప్రాథమిక విద్యలో ఆట, పరిశీలనల చరిత్ర
(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల అన్వయంతో)

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• చిన్నపిల్లల చదువులో ప్రకృతి పరిశీలనకు చోటు ఎలా దొరికిందో, ఎలా తగ్గిందో వివరించగలుగుతారు.
• అంగన్‌వాడీ అనే భావన వెనుక ఉన్న చరిత్రను గుర్తించగలుగుతారు.
• పశ్చిమ నెల్లూరు మెట్ట ప్రాంతానికి తగిన కీటక పరిశీలన కృత్యాలను రూపొందించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మూడేళ్ల పిల్లకు బడి లేకపోయినా పురుగు తెలుసు. వాకిట్లో చీమల బారు, దీపం చుట్టూ ఉసిళ్లు, దొడ్లో పేడ పురుగు, తొలకరి తరవాత నేల మీద ఎర్రటి ఆరుద్ర పురుగు కనిపిస్తూనే ఉంటాయి. అయితే వీటిని చూడటం చదువు కిందికి వస్తుందా? పలక మీద అక్షరం దిద్దితేనే చదువా? పూర్వ ప్రాథమిక విద్య చరిత్రలో ఈ ప్రశ్న పదేపదే ఎదురవుతుంది. ఎదురైన ప్రతిసారీ విద్యావేత్తలు ‘చూడటమే తొలి చదువు’ అన్నారు. ఆచరణలో మాత్రం పలకే గెలుస్తూ వచ్చింది. ఇలా ఎందుకు జరిగింది, దీన్ని మార్చడానికి మనకు ఏ వనరులున్నాయి అనే రెండు విషయాలను ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఉదాహరణకు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలను తీసుకుందాం. పడమట వెలిగొండలు, వాటి పాదాల దగ్గర మెట్ట చేలు, చిట్టడవులు ఉన్నాయి. ఆత్మకూరు వైపు పెన్నా నది, దాని మీద సోమశిల జలాశయం, కాలువల కింద వరి మడులు ఉన్నాయి. కొండ, మెట్ట, మాగాణి దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఇక్కడి పిల్లలకు రకరకాల కీటకాలు కనిపిస్తాయి. ఖరీదైన బోధన సామగ్రి లేని కేంద్రానికి కూడా ఈ వనరు అందుబాటులోనే ఉంటుంది.

2. వీధి బడి, వాకిలి చదువు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని బడుల వివరాలు సేకరించమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వీటిలో ప్రసిద్ధమైనది. పిల్లవాడికి ఐదో ఏట అక్షరాభ్యాసం చేస్తారని, మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారని అందులో ఉంది. పిల్లలు ఎన్నో పద్యాలు కంఠస్థం చేస్తారు కాని వాటి అర్థం వారికి తెలియదని కూడా ఆయన రాశాడు. ఆ బడి ఐదో ఏట మొదలయ్యేది కాబట్టి అంతకు ముందు వయసు దాని పరిధిలోకి రాలేదు.

ఆ వయసు పిల్లలకు చదువు ఇంట్లో, వాకిట్లో, చేలో సాగేది. ఏడు చేపల కథను గుర్తు చేసుకోండి. ఒక చేప ఎందుకు ఎండలేదని అడుగుతూ పోతే గడ్డిమేటు, ఆవు, పశువుల కాపరి అంటూ కారణాల గొలుసు సాగి చివరికి చీమ దగ్గర ఆగుతుంది. పుట్ట చీమకు ఇల్లని, ఆ ఇంట్లో వేలు పెడితే అది కుడుతుందని పిల్లవాడు నవ్వుతూ నేర్చుకుంటాడు. ఒక కార్యానికి కారణం వెతకడం, మరో ప్రాణి వైపు నుంచి ఆలోచించడం అనే రెండు పాఠాలు ఈ ఒక్క కథలో ఉన్నాయి.

కార్తెల లెక్క కూడా ఇలాంటిదే. జూన్ 22 ప్రాంతంలో మొదలయ్యే ఆరుద్ర కార్తె పేరునే మన పెద్దలు ఆ సమయంలో కనిపించే ఎర్ర మఖమలు పురుగుకు పెట్టారు. పురుగు పేరులోనే దాని కాలం ఉంది.

అయితే వాకిలి చదువులో అన్నీ మంచివే అనుకోకూడదు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయడం, ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో మూసి ఉంచడం కూడా పిల్లల ఆటలే. కుతూహలం, హింస ఒకే ఆటలో కలిసి ఉండేవి. మొదటిదాన్ని నిలబెట్టి రెండోదాన్ని మాన్పించడం ఉపాధ్యాయుల పని.

3. పాశ్చాత్య దేశాల్లో ప్రకృతి పరిశీలన

జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను ప్రారంభించి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టాడు. ఆ పేరుకు ‘పిల్లల తోట’ అని అర్థం. ఆటే ఆ వయసు పిల్లల పని అన్నది ఆయన సిద్ధాంతం. పిల్లలు పెంచుకోవడానికి నిజమైన తోట మడులు కూడా అందులో భాగంగా ఉండేవి.

ఫ్రాన్సులో బడిపంతులుగా పనిచేసిన జాఁ ఆన్రీ ఫాబ్ర్ పేడ పురుగులు, కందిరీగల వంటి వాటిని అవి బతికే చోటే గంటల తరబడి గమనించాడు. తాను చూసినవాటిని 1879 నుంచి 1907 వరకు పది సంపుటాలుగా ప్రచురించాడు. పురుగును సూదికి గుచ్చి దాచడం కన్నా బతికి ఉండగా చూడటం గొప్ప అని ఆయన కృషి చాటింది.

అమెరికాలో ఇదే ఆలోచన బడిలోకి ప్రవేశించింది. 1890లలో న్యూయార్క్ రాష్ట్రంలో వ్యవసాయం సంక్షోభంలో పడి యువకులు పల్లెలు వదిలి వెళ్తుంటే, పల్లె బడుల్లో ప్రకృతి పరిశీలన ప్రవేశపెట్టే ప్రయత్నం జరిగింది. దీనికి నాయకత్వం వహించినవారిలో అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ ముఖ్యురాలు. ఆమె భర్త కార్నెల్ విశ్వవిద్యాలయంలో కీటక శాస్త్రవేత్త. ఆమె కీటకాల చిత్రాలు చెక్కిన కళాకారిణి. 1911లో వెలువడిన ఆమె ప్రకృతి పరిశీలన గ్రంథంలో పాఠాలు ప్రశ్నల రూపంలో ఉంటాయి. ఉపాధ్యాయుడు జవాబు చెప్పడు, పిల్లలు చూసి చెబుతారు.

అదే కాలంలో మన రాజధానిలో కీటకాలను ఏ దృష్టితో చూశారో పోల్చి చూడండి. ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో మద్రాసు నుంచి దక్షిణ భారత కీటకాలపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. అది ముఖ్యంగా ఆర్థిక దృష్టితో, అంటే కీటకం వల్ల కలిగే లాభనష్టాల దృష్టితో రాసినది. శాస్త్రంగా అది విలువైనదే. కాని పురుగు అనగానే ‘పంటకు శత్రువు’ అని మాత్రమే గుర్తొచ్చే అలవాటుకు ఇలాంటి దృష్టి బలం చేకూర్చింది.

4. భారతదేశంలో: బాలమందిరం నుంచి అంగన్‌వాడీ వరకు

గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిరాన్ని స్థాపించారు. అక్కడే ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామంలో పల్లె పిల్లల కోసం కేంద్రం ప్రారంభించారు. పేద పిల్లలు బడికి రాకపోతే బడే వారి వాకిట్లోకి వెళ్లాలని ఆమె భావించారు. ‘ఆంగన్’ అంటే వాకిలి, ముంగిలి. నేటి అంగన్‌వాడీ అనే పేరుకు మూలం ఈ ఆలోచనలోనే ఉంది. ఖరీదైన మాంటిస్సోరి పరికరాలకు బదులు రాళ్లు, ఆకులు, పూలు, గింజలు ఆమెకు బోధన సామగ్రి అయ్యాయి.

మరియా మాంటిస్సోరి స్వయంగా 1939లో మద్రాసు వచ్చారు. యుద్ధం కారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయారు. కొంతకాలం కొడైకెనాల్‌లో ఉన్నప్పుడు పిల్లలతో కలిసి మొక్కలను, చిన్న ప్రాణులను పరిశీలించిన అనుభవం ఆమె తరవాతి ఆలోచనలను ప్రభావితం చేసింది.

స్వాతంత్ర్యానికి ముందు 1944లో సార్జెంట్ నివేదిక 10 లక్షల మంది చిన్నపిల్లలకు ఉచిత నర్సరీ విద్యను సిఫారసు చేసింది. చివరకు 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. దాని ఆరు సేవల్లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. మిగిలిన ఐదూ పోషకాహారం, ఆరోగ్యాలకు సంబంధించినవి. వాటి ప్రాధాన్యం కాదనలేనిది. అయినా తూకం, పోషకాహారం, రిజిస్టర్ల మధ్య కార్యకర్తకు ఆటపాటల సమయం మిగలడం కష్టమైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో మొదలై 1996 వరకు సాగిన ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను, స్థానిక పరిసరాల వినియోగాన్ని ప్రాథమిక బడుల్లోకి తెచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. దానికి అనుగుణంగా 2022లో వెలువడిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటను ప్రధాన బోధన పద్ధతిగా స్వీకరించింది. అంటే 1840లో ఫ్రోబెల్ చెప్పిన మాట దాదాపు 180 ఏళ్లకు మన విధాన పత్రంలో స్థిరపడింది.

5. పొలంబడి: పెద్దలు నేర్చుకున్న పురుగుల పాఠం

పిల్లల బడి పురుగును మరచిన కాలంలోనే పెద్దలకు అది తప్పనిసరి పాఠమైంది. ఇండోనేషియాలో విచ్చలవిడిగా మందులు చల్లడం వల్ల మిత్ర పురుగులు చనిపోయి వరిలో సుడిదోమ ఉద్ధృతి పెరిగింది. ఆ దేశం 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో అక్కడ రైతుల క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. అదే పద్ధతి మన రాష్ట్రంలో 2000 తరవాతి దశకంలో ‘పొలంబడి’ అయింది.

పొలంబడిలో రైతులు చిన్న జట్లుగా మడిలో దిగి పురుగులను లెక్కిస్తారు, వాటి బొమ్మలు గీస్తారు, ఏది దేన్ని తింటుందో డబ్బాలో ఉంచి చూస్తారు. పేనుబంకను తినే అక్షింతల పురుగు, పురుగులను పట్టే సాలీడు తమకు మిత్రులని గుర్తిస్తారు. చూడటం, లెక్కించడం, గీయడం, చర్చించడం అనే ఈ నాలుగు మెట్లూ పూర్వ ప్రాథమిక విద్య మెట్లే. నలభై ఏళ్ల రైతు నష్టపోయిన తరవాత నేర్చుకున్న దాన్ని నాలుగేళ్ల పిల్ల ఆడుతూ మొదలుపెట్టవచ్చు. ఈ అంశాన్ని తల్లిదండ్రులకు చెప్పగలిగితే పురుగుల పాఠం వృథా కాలక్షేపం కాదని వారు గ్రహిస్తారు.

6. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు తగిన కృత్యాలు

మొదట కాలాన్ని గమనించండి. నెల్లూరు జిల్లాకు ఈశాన్య రుతుపవనాలే ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు ఎక్కువ. కాబట్టి జూన్–జులైలో తొలకరి పురుగులను, అక్టోబరు తరవాత సీతాకోకచిలుకలను, తూనీగలను పాఠంగా తీసుకునేలా వార్షిక ప్రణాళిక వేసుకోవాలి.

(అ) చీమల దారి: గోడ పక్కన చిన్న బెల్లం ముక్క, కొంచెం దూరంలో ఒక నూక గింజ ఉంచండి. ముందు దేని దగ్గరికి వస్తాయో పిల్లలను ఊహించమనండి. ఆ తరవాత చూడమనండి. చివర పిల్లలే చీమల బారుగా నడుస్తారు.

(ఆ) ఎన్ని కాళ్లు?: మట్టి ముద్దతో తల, రొమ్ము, పొట్ట చేసి ఆరు పుల్లలు గుచ్చుతారు. కీటకానికి ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. పెరిగిన ఆరుద్ర పురుగుకూ ఎనిమిదే. కాబట్టి మనం పురుగు అని పిలిచే ప్రతిదీ కీటకం కాదని ఐదేళ్ల పిల్లలు స్వయంగా లెక్కపెట్టి తెలుసుకుంటారు.

(ఇ) నిమ్మ చెట్టు బడి: నిమ్మ, కరివేపాకు లేత ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించే గొంగళి పురుగును వెతకండి. అది పెరిగి ఆకుపచ్చగా మారి, గూడు కట్టి, సీతాకోకచిలుక అవుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దాకా సుమారు నెల పడుతుంది. పురుగును కొమ్మతో సహా గాలి ఆడే డబ్బాలో ఉంచి రోజూ తాజా ఆకు వేయాలి. పిల్లలు రోజుకొక బొమ్మ గీస్తారు. చివరి రోజు అందరూ కలిసి దాన్ని వదిలిపెడతారు.

(ఈ) ఇసుక గుంట: పొడి ఇసుకలో గరాటులాంటి చిన్న గుంట చేసి అడుగున దాక్కునే పురుగును వేలితో తవ్వకుండా, దూరంగా కూర్చుని చూడటం. ఓపిక నేర్పడానికి ఇది మంచి కృత్యం.

కీటకాలను చేతితో పట్టకుండా ఆకు మీదో, చెంచాతోనో ఎత్తడం నేర్పాలి. ఉదయగిరి చెక్క చెంచాలకు, గరిటెలకు పేరున్న ఊరు. ఇంట్లో ఉండే చెక్క చెంచా ఈ పనికి చక్కగా సరిపోతుంది.

జాగ్రత్తలు: రాళ్లు ఎత్తడం పెద్దలే చేయాలి. మెట్ట ప్రాంతంలో రాళ్ల కింద తేళ్లు, జెర్రులు, పాములు ఉంటాయి. కందిరీగల, తేనెటీగల గూళ్ల దగ్గరికి పిల్లలను తీసుకువెళ్లకూడదు. వెంట్రుకలున్న గొంగళి పురుగులను ముట్టనివ్వకూడదు. జిల్లేడు ఆకు మీద సీతాకోక పురుగులు దొరుకుతాయి కాని ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. ‘భయపడకు’ అనడం కన్నా ‘ఇంత దూరం నుంచి చూద్దాం’ అనడం మేలు.

7. సారాంశం

వీధి బడి అక్షరంతో మొదలైంది, వాకిలి చదువు చూపుతో మొదలైంది. ఫ్రోబెల్, కామ్‌స్టాక్, మాంటిస్సోరి, గిజుభాయి, తారాబాయి వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కారణాలతో ఆ చూపును బడిలోకి తేవడానికి కృషి చేశారు. ‘నా బిడ్డకు ఎన్ని అక్షరాలు వచ్చాయి?’ అని తల్లి అడిగినప్పుడు కార్యకర్త దగ్గర చూపించడానికి ఏమీ లేకపోవడం పలక గెలవడానికి ఒక ముఖ్య కారణం. నెల రోజుల పాటు పిల్ల గీసిన గొంగళి పురుగు బొమ్మలు వరసగా గోడకు అంటిస్తే, లెక్క, మాట, గీత, ఓర్పు అన్నీ ఆ తల్లికి అక్కడే కనిపిస్తాయి. ‘ఆకు’, ‘పురుగు’, ‘గూడు’ అనే మాటలు అప్పటికే తెలిసిన పిల్లకు ఆ అక్షరాలు దిద్దడం తేలిక.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కాంప్‌బెల్ నివేదిక వీధి బడి గురించి తెలిపిన రెండు విషయాలు పేర్కొనండి.
2. ‘అంగన్‌వాడీ’ భావనకు, తారాబాయి మోడక్ కృషికి గల సంబంధం ఏమిటి?
3. పొలంబడికి, పూర్వ ప్రాథమిక విద్యకు గల పోలికలు వివరించండి.
4. మీ ఊరి కార్తెలను, వానలను బట్టి కీటక పరిశీలనకు ఒక వార్షిక ప్రణాళిక తయారు చేయండి. మీ ఇంటి పెద్దలను అడిగి పది పురుగుల స్థానిక పేర్లు అందులో చేర్చండి.