ఒకే రన్‌వే, రెండు చరిత్రలు

విశాఖపట్నంలో ఎన్.ఎ.డి. కొత్త రోడ్డు పేరు తెలియని మనిషి ఉండడు. ఆ మూడు అక్షరాలు నౌకాదళ ఆయుధ డిపోకు పొడి అక్షరాలని తలచుకునేవారు మాత్రం అరుదు. బస్సు కండక్టరు మొదలుకొని కూరలమ్ముకునే మనిషి వరకు అందరూ ఒక ఆయుధాగారం పేరును ఊరి పేరుగా వాడుకుంటున్నారు. అక్కడినుంచి గాజువాక వైపు పోతుంటే విమానాశ్రయం వస్తుంది. సైనికుల లెక్కలో దాని పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. డేగ అచ్చమైన తెలుగు మాట. కోడిపిల్లలున్న ప్రతి ఇంటి పెరటికీ తెలిసిన మాట. ఒక స్థలం చరిత్ర శాసనాలకంటె ముందు దాని పేర్లలోనే దొరుకుతుంది.

ఈ విమానాశ్రయంలో దశాబ్దాలపాటు నడిచిన ఏర్పాటును గమనించండి. రన్‌వే నౌకాదళానిది. విమానం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు దిగాలో చెప్పే నియంత్రణ కూడా నౌకాదళానిదే. ప్రయాణికులు కూర్చునే టెర్మినల్ భవనం మాత్రం పౌర విమానాశ్రయాల సంస్థది. ఈ పౌరభాగాన్ని అధికార పరిభాషలో ‘సివిల్ ఎన్‌క్లేవ్’ అంటారు. అంటే మరొకరి స్థలంలో, వారి అనుమతితో, మనకు విడిచిన ఆవరణ అన్నమాట. నౌకాదళ శిక్షణ వేళలు పోగా మిగిలిన వేళల్లో పౌర విమానాలు సర్దుకోవాలి. ఈ దేశంలో పౌరుడు యజమాని అని రాజ్యాంగం చెపుతుంది. రన్‌వే మీద అతడు అతిథి. ఈ క్రమం ఎవరో ఒక అధికారి దురుద్దేశంతో పెట్టింది కాదు. దీనికొక చరిత్ర ఉన్నది.

ఆ చరిత్ర రేవుతో మొదలవుతుంది. 1933లో విశాఖ రేవు ప్రారంభమయింది. మధ్య పరగణాల మాంగనీసును ఓడకెక్కించడం వలస పాలకులకు కావలసిన పని. రేవు ఉన్నచోటికి రైలు వచ్చింది. రైలూ రేవూ కలిసినచోటికి శత్రువు చూపూ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా దాడి జరిగింది. జనం మూటాముల్లే సర్దుకొని, దొరికిన రైలూ బండీ పట్టుకొని ఊరు విడిచిపోయారు. తమది కాని యుద్ధం, తమను అడగకుండా ప్రకటించిన యుద్ధం, తమ ఇంటి కప్పు మీదికి వచ్చినప్పుడు కోస్తా ప్రజలకు మొదటిసారి తెలిసింది ఆకాశం కూడా సామ్రాజ్యాల ఆస్తేనని.

ఆ యుద్ధకాలంలో విశాఖ విమాన క్షేత్రాన్ని వాడుకున్నది బ్రిటిష్ వైమానిక దళం. ఇది ఒక్క విశాఖ కథ కాదు. గన్నవరం, దొనకొండ క్షేత్రాలూ ఆ యుద్ధం అవసరాలు తీర్చినవే. తెలుగుదేశంలో విమానాశ్రయాల పటాన్ని చాలావరకు గీసింది ప్రయాణికుడి అవసరం కాదు, యుద్ధం. ఈ మాటను గట్టిగా గుర్తుంచుకోవాలి. సైనిక క్షేత్రంలో పౌరునికి చోటిచ్చారు గాని, పౌరుని క్షేత్రంలో సైన్యం వచ్చి చేరలేదు.

స్వాతంత్ర్యం తరువాత ఈ క్రమం తిరగబడవలసింది. తిరగబడలేదు. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖ కేంద్రంగా ఏర్పడింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరం దగ్గరే మునిగిపోయింది. దానితో విశాఖ సైనిక ప్రాముఖ్యం ఇంకా పెరిగింది. పౌర విమాన సర్వీసు 1981లో రోజుకు ఒక్క విమానంతో మొదలయినట్టు విమానాశ్రయం చరిత్ర చెపుతుంది. 1991 అక్టోబరు 21న నౌకాదళం తన వైమానిక కేంద్రానికి డేగ అని నామకరణం చేసి ప్రారంభించింది. 2007లో పదివేల అడుగుల కొత్త రన్‌వే వచ్చింది. 2009లో కొత్త టెర్మినల్ వచ్చింది. ప్రతిసారీ ఒక శిలాఫలకం, ఒక మంత్రి, ఒక తేదీ. మనకు లభించే విమానాశ్రయ చరిత్ర ఇంతే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. సైన్యం లేకపోతే విశాఖకు అంత రన్‌వే ఎక్కడిది? వరదలు వచ్చినప్పుడు డాబాల మీద చిక్కుకున్నవారిని తాడుకట్టి పైకి తీసింది డేగ హెలికాప్టర్లు కాదా? నిజమే. ఆ తాడు పట్టుకున్న సైనికుడు కూడా ఏదో పల్లెలో రైతు కొడుకే. మన విమర్శ అతని మీద కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు టెర్మినల్ కప్పు ఎగిరిపోయింది, రన్‌వే నీటిపాలయింది. గాలి సైనికుణ్ణీ పౌరుణ్ణీ వేరుచేసి చూడలేదు. ఆ క్షేత్రం పక్కనే మేఘాద్రిగెడ్డ ఉన్నది. నీరు తన పాత దారి మరచిపోదు. మరచిపోయేది మన కాగితాలు.

అసలు ప్రశ్న అదే. ఆ రన్‌వే కింద ఏముండేది? ఎవరి పొలం, ఎవరి పశువుల మేత, ఎవరి నడకదారి? ‘దేశరక్షణ’ అనే ఒక్క మాటతో ఈ ప్రశ్న అడిగే అవకాశమే లేకుండా పోయింది. తరువాత ‘అభివృద్ధి’ అనే రెండవ మాట వచ్చింది. ఉమ్మడి విమానాశ్రయంలో నిజంగా ఉమ్మడిగా ఉన్నవి ఈ రెండు మాటలే. పగలు ఒకటి, రాత్రి ఒకటి, ఒకే నేల మీద దిగుతుంటాయి.

పౌర విమానాలకు వేరే చోటు కావాలనే వాదన ఈ ఇరుకులోనుంచే పుట్టింది. ఫలితం విజయనగరం జిల్లా భోగాపురం. 2015లో ప్రభుత్వం 15 వేల ఎకరాల మాట ఎత్తింది. రైతులు ఎదురు తిరిగారు. ఆ తరువాత అంకె ఒక్కొక్క మెట్టే దిగుతూ వచ్చింది. మొదట అడిగినంత భూమి అవసరమే లేదని ఆ తగ్గుదలే ఒప్పుకున్నది. ప్రతిఘటన లేకపోతే ఆ ఒప్పుకోలు ఉండేది కాదు. అయినా మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట కదలక తప్పలేదు. రెల్లిపేట అన్న పేరులోనే దాని సామాజిక చరిత్ర ఉన్నది. ఊళ్ల పాకీపని ఏ కులం మీద మోపారో ఆ కులం పేరు అది. సైన్యం నీడనుంచి పౌర విమానాన్ని విడిపించే పనిలో మూల్యం చెల్లించింది విమానం ఎక్కనివాళ్లే.

ఆ విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు జరిగాయి. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో మరొక ముఖ్యమంత్రి. దానికి అల్లూరి సీతారామరాజు పేరు నిర్ణయించారు. మన్యంలో గిరిజనుని నేల కోసం, అడవి కోసం పోరాడినవాని పేరు. పేరు పెట్టడం గౌరవమే. అయితే ఆ పేరు మీద దిగే ప్రతి విమానమూ ఒక ప్రశ్నను కూడా దింపుతుందని పాలకులు ఊహించి ఉండరు.

ఇక సాహిత్యం సంగతి. ఉత్తరాంధ్ర కథకు ఈ విషయంలో గొప్ప వారసత్వం ఉన్నది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ, ఒక ఊరు బాగుపడిందని అందరూ అనుకుంటున్నప్పుడు ఆ బాగు ఎవరి ఖాతాలో జమ అయింది, అప్పు ఎవరి ఖాతాలో మిగిలింది అని లెక్క అడిగింది. రావిశాస్త్రి విశాఖ కోర్టుల్లో, పోలీసు ఠాణాల్లో నలిగినవాళ్ల గొంతు వినిపించారు. ఆ లెక్క అడిగే పద్ధతిని మనం రన్‌వే దాకా తీసుకుపోలేదు. మన కవిత్వంలో విమానం ఎగురుతుంది. ప్రగతికి గుర్తుగానో, యుద్ధానికి గుర్తుగానో. దిగే నేల కనిపించదు. చరిత్ర శిలాఫలకం దగ్గర ఆగిపోతే, సాహిత్యం ప్రతీక దగ్గర ఆగిపోయింది.

విద్యార్థులు చేయవలసిన పని చిన్నదీ కాదు, అసాధ్యమూ కాదు. పాత అడంగళ్లు, భూసేకరణ నోటీసులు, గ్రామపటాలు వెతకాలి. ఇంకా ముందు ముసలివాళ్ల దగ్గర కూర్చోవాలి. ఏ గట్టు ఎక్కడుండేదో, ఏ అమ్మవారి గుడి ఎక్కడికి కదిలిందో వాళ్లకు తెలుసు. విశాఖ క్షేత్రం విషయంలో ఆ జ్ఞాపకం చాలావరకు మనుషులతోపాటే వెళ్లిపోయింది. భోగాపురంలో ఇంకా బతికి ఉన్నది. ఒక విమానాశ్రయానికి రెండు శిలాఫలకాలు వేసుకున్న ఈ కాలం, నాలుగు ఊళ్లకు ఒక్క రాయీ వేయలేదు. ఆ రాయి రచయిత వేయాలి.