తూటా మీది అంకె: పడమటి చిత్తూరు వేట చరిత్రకు ఒక ఆధారం

వెంకటగిరికోట, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పెద్దవాళ్లను కదిలిస్తే వేట కథలకు కొదవ ఉండదు. ఆ కథల్లో ఆయుధం పేరు మాత్రం ఎప్పుడూ ఒక్కటే: తుపాకి. చరిత్ర విద్యార్థికి అది చాలదు. ఏ తుపాకి, అందులో ఏ తూటా, అది ఆ మనిషి చేతికి ఏ చట్టం ప్రకారం వచ్చింది అని అడగాలి. అడవిలో ఏ మృగం అక్కడికక్కడే చచ్చింది, ఏది గాయంతో బతికి మనుషుల మీదికి వచ్చింది అనే ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం ఈ వివరాల్లోనే ఉంది. ఈ పాఠంలో మనం పరిశీలించేది అదే.

ముందు మాటలు సరిచేసుకుందాం. వాడుకలో గుండునూ తూటా అంటాం, మొత్తం కార్ట్రిడ్జ్‌నూ తూటా అంటాం. ఇక్కడ తూటా అంటే నాలుగు భాగాల కూర్పు: ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే క్యాప్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. నాటు తుపాకికి ఈ కూర్పు లేదు. మందు, గుడ్డ పీలిక, సీసపు రవ్వలు అన్నీ విడివిడిగా గొట్టం మూతి నుంచి వేసి కడ్డీతో దట్టించాలి. ఒక దెబ్బ కాల్చాక మళ్లీ దట్టించేలోపు గాయపడిన అడవిపంది మీదికి వస్తే చెట్టెక్కడమే దారి. రైఫిల్ వేరు. దాని గొట్టం లోపల మెలికలు తిరిగిన గాట్లు ఉంటాయి. అవి గుండును గిర్రున తిప్పి తిన్నగా పంపుతాయి.

తూటాను గుర్తించడానికి దాని అడుగు భాగం చూడాలి. తయారీదారు గుర్తు, అంకె సాధారణంగా అక్కడే ముద్రించి ఉంటాయి. ఆ అంకెలను ఒకే పద్ధతిలో చదవబోతే తప్పుదారి పడతాం. '12 బోర్' అంటే పన్నెండు అంగుళాలో, పన్నెండు మిల్లీమీటర్లో కాదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు పట్టేంత గొట్టం, అంటే సుమారు 0.73 అంగుళం. అందుకే బోర్ అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. పోలీసుల చేతిలో మనం చూసిన 'త్రీ నాట్ త్రీ'లో .303 అనేది గాట్ల మధ్య గొట్టం కొలత, అంగుళాల్లో. గుండు దానికంటే కొంచెం లావు, సుమారు .311. '.30-06'లో చివరి 06 కొలతే కాదు, 1906 అనే సంవత్సరం. ఇక ఒకే తూటాకు రెండు పేర్లు ఉండటమూ కద్దు. జర్మనీలో 7×57 మౌజర్‌గా పుట్టినదాన్నే లండన్‌లోని రిగ్బీ కంపెనీ .275 అని అమ్మింది. దక్షిణాఫ్రికాలో బోయర్లు ఆంగ్లేయులను కాల్చిందీ, కుమావున్ కొండల్లో జిమ్ కార్బెట్ పులులను కాల్చిందీ ఆ తూటాతోనే. పత్రాల్లో రెండు అంకెలు కనిపించినంత మాత్రాన రెండు ఆయుధాలని తీర్మానించకండి.

ఇప్పుడు చట్టాల సంగతి. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిస్ సైన్యం మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మీదుగా బెంగుళూరు వైపు సాగినప్పుడు, ఈ దారుల్లో ఇరుపక్షాల చేతుల్లోనూ మూతి నుంచి దట్టించే తుపాకులే ఉండేవి. ఆయుధంలో పెద్ద తేడా లేదు. కంపెనీ పాలన కుదురుకున్నాక పాలెగాళ్ల సాయుధ బలగాలు రద్దయ్యాయి. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదంది. ఆ చట్టం కింది నియమాలు మాత్రం ఐరోపావారికి చాలాకాలం మినహాయింపు ఇచ్చాయి. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే తూటా సాంకేతికత గంతులు వేసింది. 1871లో మార్టిని–హెన్రీ, 1888లో .303, ఆ వెంటనే నల్లమందు స్థానంలో పొగ తక్కువ వచ్చే కార్డైట్. ఈ మార్పులేవీ రైతు గడప తొక్కలేదు. పొలం కాపలాకు అతని చేతికి చట్టబద్ధంగా దక్కింది తాతల కాలపు పద్ధతే.

1907 నాటి ఒక నిర్ణయం దీనికి మంచి ఉదాహరణ. భారతదేశానికి .450 తుపాకులు, తూటాల దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. కారణం వన్యప్రాణుల మీద దయ కాదు. తిరుగుబాటుదారుల దగ్గరున్న పాత మార్టిని–హెన్రీలకు ఆ గుండ్లు పనికొస్తాయన్న భయం. ఫలితంగా లండన్ తుపాకి కంపెనీలు .465, .470, .475 వంటి కొత్త కొలతలకు మళ్లాయి. పులుల కోసం, ఏనుగుల కోసం పుట్టాయని వేట పుస్తకాలు వర్ణించే ఆ అంకెల వెనుక నిజానికి ఉన్నది కస్టమ్స్ ఉత్తర్వు! అదే తర్కంతో సైన్యపు .303 సామాన్య లైసెన్సుదారుకు దూరమై, ఆస్ట్రియా–హంగరీ సైన్యపు 8 మిల్లీమీటర్ల తూటా '.315' పేరుతో ఇక్కడ వేట తూటాగా స్థిరపడింది. మన సైన్యపు తూటా కాకపోవడమే దాని అర్హత. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ స్వాతంత్ర్యం తర్వాత కూడా దానికి తగిన రైఫిళ్లను తయారుచేస్తూ వచ్చింది.

తూటాలను పోల్చేటప్పుడు విద్యార్థులు సాధారణంగా గుండు లావును మాత్రమే చూస్తారు. వేగాన్ని మరవకూడదు. మార్టిని–హెన్రీ గుండు బరువు సుమారు 31 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 410 మీటర్లు. 1904లో వచ్చిన .405 వించెస్టర్ గుండు బరువు 19 గ్రాములకు కాస్త పైన, వేగం సుమారు 670 మీటర్లు. శక్తి బరువుతో ఒకసారి, వేగంతో రెండుసార్లు గుణించినట్టు పెరుగుతుంది కాబట్టి, బరువులో మూడింట రెండు వంతులు కూడా లేని రెండో గుండు ఒకటిన్నర రెట్లకు మించిన శక్తితో తగులుతుంది. గుండు మూతి సంగతి మరొకటి. మెత్తని సీసం బయటికి కనిపించేలా చేసిన గుండు ఒంట్లోకి దిగగానే విచ్చుకుంటుంది. కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ కర్మాగారం పేరుతో ప్రసిద్ధమైన ఈ రకాన్ని 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో నిషేధించింది. వేటలో అదే మేలైనదని భావిస్తారు. జంతువు గాయంతో పారిపోకుండా పడిపోతుంది మరి.

ఈ .405 వించెస్టర్‌తోనే మన ప్రాంతానికి సంబంధం ఉంది. బొలారంలో 1910లో పుట్టి బెంగుళూరులో స్థిరపడిన వేటగాడు, రచయిత కెన్నెత్ అండర్సన్ ఎక్కువగా వాడింది ఇదే. 1954లో వెలువడిన అతని మొదటి పుస్తకంలో చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథ ఒకటి, కుప్పానికి నైరుతిగా హోసూరు తాలూకాలోని జవళగిరి పులి కథ ఒకటి ఉన్నాయి. అతని సంభాషణలను యథాతథంగా సాక్ష్యమని తీసుకోకూడదు, అవి కథకుడి అల్లిక. కానీ ఒక విషయం అతను పదేపదే చెబుతాడు: మృగం నరభక్షకి కావడానికి ఒక ముఖ్య కారణం సరిగా తగలని తుపాకి దెబ్బ. కార్బెట్ కూడా ఇదే రాశాడు. 1907లో అతను చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టనపెట్టుకుందని లెక్క. పాత తుపాకి దెబ్బకు దాని కుడివైపు పై, కింది కోరలు విరిగి ఉన్నాయి.

ఇక్కడే నాకు వేట సాహిత్యంతో పేచీ. గాయపరిచిన పల్లెవాడు అజ్ఞాని, వచ్చి చంపిన దొర వీరుడు అన్నట్టు ఆ కథలు సాగుతాయి. పల్లెవాడి చేతిలో రవ్వ తుపాకి, దొర చేతిలో .405 ఎందుకున్నాయో కథ చెప్పదు. చేలో పడిన పందికి, దొడ్డి దగ్గరికొచ్చిన చిరుతకు రైతు గురిపెట్టక తప్పదు. ముప్పై గజాలు దాటితే అతని రవ్వలు చెదిరిపోతాయి. తోలు చీల్చి పుండు చేస్తాయి గాని ప్రాణం తీయవు. నేర్పులో తేడా ఉండవచ్చు. దానికంటే పెద్ద తేడా లైసెన్సులో ఉంది.

స్వతంత్ర భారతంలోనూ ఆ వర్గీకరణ పూర్తిగా పోలేదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణకు పేర్కొన్నది మూతి నుంచి దట్టించే తుపాకినే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణ వేట లైసెన్సులను అసలే తీసేసింది. ఈలోగా 1980లలో ఏనుగుల గుంపులు పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి కుప్పం, పలమనేరు వైపు వచ్చి నిలిచాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. వెంకటగిరికోట చుట్టుపక్కల రైతుకు ఇప్పుడు ఎదురుపడేది పంది ఒక్కటే కాదు. చోట్లనుబట్టి ఏనుగు చర్మం అంగుళం మందం ఉంటుంది. నాటు తుపాకి దెబ్బ తగిలితే అది సాధారణంగా పడదు, పుండుతో తిరుగుతుంది.

మీలో ఎవరైనా ఈ ప్రాంతం మీద ప్రాజెక్టు రాస్తే లైసెన్సు రిజిస్టర్లతో పాటు ఏనుగుల, చిరుతల శవపరీక్ష నివేదికలనూ చూడండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు పలమనేరు, పుంగనూరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి కాబట్టి పాత రిజిస్టర్లను ఆ జిల్లాల పేర్లతో వెతకాలి. శవపరీక్ష నివేదికల్లో, కళేబరం నుంచి తీసిన సీసం గురించి ఒక వాక్యం ఉంటే దాన్ని దాటవేయకండి. గాట్ల గీతలు పడిన రైఫిల్ గుండు ఒక రకం మనిషిని చూపుతుంది, కంపెనీలో చేసిన 12 బోర్ రవ్వ ఇంకొకరిని, ఇంటి పొయ్యి మీద కరిగించి పోసిన వంకర గుండు మరొకరిని.